లప్పం కింద గాట్లు

పోయిన వారం మన పేచీని వర్క్‌షాపులో నిలబెట్టి వచ్చేశాం. ఒక చేతిలో బ్రష్షు, ఇంకో చేతిలో రంగు డబ్బా, ఎదురుగా ఆమె పెళ్లికూతుర్ని ముస్తాబు చేసినట్టు చేసి నిలబెట్టిన తలుపు. గుమ్మంలో లారీ డ్రైవరు. అతను తలుపుని పైనుంచి కిందిదాకా చూసి, తాళం పక్కన చెయ్యి పెట్టి తడిమి, "ఇక్కడ గాట్లుండాలమ్మా, ఏవి?" అని అడిగాడు.

కొత్తగా చదువుతున్నవాళ్లకి నాలుగు ముక్కలు చెప్పాలి. పేచీకి పాస్‌పోర్టులో మంచి పేరే ఉంది గానీ ఇంట్లో అందరూ పేచీ అనే పిలుస్తారు. ఎందుకో, ఆమెతో ఒక పూట గడిపినవాళ్లకి వేరే చెప్పనక్కర్లేదు. డిజైనూ సంస్కృతీ కలిపి నేర్పే కోర్సుకని ఈ పరాయి దేశం వచ్చింది. పిన్ని ఇక్కడి ఆసుపత్రిలో నర్సు కాబట్టి తిండికీ పడకకీ దిగుల్లేదు. రెండేళ్ల కిందట ఏరు పొంగి ఈ ఊళ్లో సగం ఇళ్లు ఊడ్చుకుపోయాయి. ఇప్పుడు మళ్లీ కట్టుకుంటున్నారు. బురదలో దొరికిన తలుపులూ కిటికీలూ కమ్మీలూ ఒక గోడౌన్లో పోగేసి, వాటితోనే ఊరందరికీ పనికొచ్చే హాలొకటి లేపుతున్నారు. కాలేజీ పిల్లలకి తలా ఒక వస్తువు అప్పగించారు. పేచీ వంతుకి వచ్చింది టైలరమ్మ ఇంటి వీధి తలుపు. వరద రోజు టైలరమ్మ భర్త ఆ తలుపు వెనకే నీళ్లలో పోయాడు. రేపు పొద్దున దాన్ని హాలుకి బిగిస్తారు.

ఇంకొక్క మాట. ఆ ఊరి భాషలో అత్తా మావయ్యా లాంటి మన పిలుపులు లేవు. అందరూ అందరికీ "మీరే". పేచీకి అది మింగుడు పడక, వచ్చిన వారంలోనే ఊరందరితో మనసులో వరసలు కలిపేసుకుంది. ఆమె చెవిన పడిందల్లా ఆ వరసలతోనే పడుతుంది. మనమూ ఆ చెవితోనే విందాం.

"గాట్లు కప్పేశాను బాబాయ్" అంది పేచీ, కాస్త గర్వంగానే. "లప్పం పెట్టి, గరుకు కాగితం పట్టి, పైన రెండు పూతలు కాఫీ రంగు వేశాను. ఎక్కడున్నాయో నాకే తెలీడం లేదు."

"అవును, తెలీడం లేదు" అన్నాడు డ్రైవరు. ఇంకోసారి తడిమి చెయ్యి తీసేశాడు. "పని బాగా చేశావమ్మా. నేను వెళ్తా, హాలు దగ్గర కంకర దింపాలి."

"ఉండండి. గాట్లున్నాయని మీకెలా తెలుసు?"

"పెట్టింది నేను కాబట్టి."

పేచీ బ్రష్షు కింద పెట్టింది. మూలన కిటికీ చట్రానికి చిత్రిక పడుతున్న వడ్రంగి తల ఎత్తలేదు. అతను టైలరమ్మ తమ్ముడు. డ్రైవరు ఎదురుపడితే అతను వీపు తిప్పుకోవడం, డ్రైవరు అది చూడనట్టు నటించడం ఊళ్లో రోజూ జరిగేదే.

ఊళ్లో డ్రైవర్ని వెనక నుంచి "పరుగు" అంటారు. పక్కింటి మనిషి మునిగిపోతుంటే పిల్లల్ని లారీలో వేసుకుని పరుగు లంకించుకున్నాడని ఆ పేరు. పేచీకి అది తెలుసు. అతని వైపు కథ మాత్రం ఎవరూ చెప్పలేదు, ఆమె అడగనూ లేదు. ఇప్పుడు అడిగింది. అతను గుమ్మం పట్టుకుని నిలబడే చెప్పాడు. మధ్యాహ్నం భోజనాలయ్యాక నీళ్లొచ్చాయి. టైలరమ్మ కుట్టిన బట్టలివ్వడానికి వంతెన అవతలికి వెళ్లింది. ఇంట్లో ఆమె భర్త ఒక్కడే, నడుం నొప్పితో పడుకున్నాడు. లోపల బీరువా నీళ్లకి తేలి వచ్చి తలుపుకి అడ్డం పడింది. కిటికీలకి ఇనప ఊచలు. డ్రైవరు లారీలోంచి టైరు లివరు, చదును కొస ఉన్న ఇనప కడ్డీ, తెచ్చి తాళం పక్కన సందు చేసి లాగాడు. పిల్లలిద్దరూ లారీలో ఏడుస్తున్నారు. నీళ్లు ఛాతీ దాకా వచ్చాక వదిలేసి లారీ ఎక్కాడు.

"మొదట్లో చెప్పాను. ఏదీ ఆ తలుపు చూపించమన్నారు. తలుపు ఏట్లో కొట్టుకుపోయింది. ఇంకేం చూపించను? చెప్పడం మానేశాను." అతను నవ్వబోయి మానుకున్నాడు. "ఇందాక హాలు దగ్గర అన్నారు, ఆ తలుపు దొరికిందనీ, కాలేజీ అమ్మాయి బాగు చేస్తోందనీ. లారీ రోడ్డు మీదే వదిలేసి పరిగెత్తుకుంటూ వచ్చాను. నిజంగానే పరిగెత్తాను, ఆ పేరుకి తగ్గట్టు."

పేచీకి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆమెకి ఇప్పుడు గుర్తొచ్చింది మేడం మొదటి రోజు క్లాసులో చెప్పిన మాట. దొరికిన వస్తువు మీద చెయ్యి వేసేముందు దాని సొంతదారుని పక్కన నిలబెట్టుకుని చూడండి, ఏది మురికో ఏది కాదో వాళ్లే చెప్తారు. పేచీ ఆ మాట రాసుకుంది కూడా. కానీ చుట్టాలొస్తున్నారంటే చిరుగు మీద దుప్పటి పరిచి, విరిగిన కుర్చీని గోడవైపు తిప్పి పెట్టే ఇంట్లో పెరిగిన పిల్ల. గాటు కనిపిస్తే చేతులు ఊరుకోవు. పైగా వడ్రంగి "మా అక్కనడిగాను, తలుపు హాలుకివ్వడానికి ఒప్పుకుంది. కానీ ఇప్పుడు తను చూడలేనంది, బిగించాక చూస్తానంది" అన్నాడు. అదే చాలనుకుంది. ఒక మనిషికి మిగిలిన ఒకే ఒక్క సాక్ష్యాన్ని నున్నగా, ముద్దుగా, వెనకాముందూ చూడకుండా పూడ్చేసింది.

డ్రైవరు లారీ దాకా వెళ్లిపోయాడు. పేచీ వెనకే ఉరికింది.

"బాబాయ్, ఆగండి. నేను చెక్కలేదు, కప్పాను. గాట్లలో లప్పం నింపానంతే. అడుగున అవి అలాగే ఉంటాయి. తీసేస్తాను."

"రేపు పొద్దున బిగించాలటగా."

"బిగించేది రేపు కదా. ఇంకా ఎండ కూడా తగ్గలేదు."

లోపలికొచ్చి రంగు ఊడదీసే వేడిగాలి మిషను ప్లగ్గు పెట్టేసరికి, అంతసేపూ పలకని వడ్రంగి పలికాడు. "ఏం చేస్తున్నావ్?"

"లప్పం తీస్తున్నా మావయ్యా."

"మతి పోయిందా? రేపు మీ మేడం వచ్చి చూసి మార్కులెయ్యాలి. ఇంత బాగా కుదిరిన పని ఎవరి మాటో పట్టుకుని పాడు చేసుకుంటావా?"

"మార్కులు పోతే ఇంకోసారి తెచ్చుకుంటా."

"అది మా అక్క తలుపు" అన్నాడు వడ్రంగి. గొంతు గట్టిపడింది. "అక్క ఒప్పుకోదు. ముందు వెళ్లి అడుగు."

అడగమన్నది అతను పేచీని ఆపడానికే. కానీ ఆ మాటతోనే ఆమెకి తను ఎక్కడ తప్పటడుగు వేసిందో తెలిసిపోయింది. మిషను పక్కన పెట్టి బయల్దేరింది.

టైలరమ్మ దుకాణం రెండు వీధుల అవతల. సున్నం పడని కొత్త గోడలు, కిటికీ పక్కన కుట్టు మిషను, గదంతా హాలు కోసం కుడుతున్న తెరలు. మెడలో టేపు వేసుకుని ఆమె అంచు కుడుతోంది. పేచీ దారి పొడుగునా మాటలు పేర్చుకుంటూ వచ్చింది గానీ, ఆమె మొహం చూసేసరికి పేర్చినవన్నీ కూలిపోయాయి. డ్రైవరు చెప్పింది చెప్పినట్టు అప్పజెప్పేసింది.

"అతని మాట నా గుమ్మంలో ఎత్తొద్దు" అంది టైలరమ్మ. మిషను ఆపలేదు.

"అతన్ని నమ్మమని చెప్పడానికి రాలేదత్తా. నా తప్పు చెప్పడానికొచ్చా. మీరు చూడకముందే మీ తలుపు మీదున్నది కప్పేశాను. మిమ్మల్ని అడగలేదు. అందవికారంగా ఉన్నాయనుకున్నానంతే. అవి అతను పెట్టిన గాట్లో, ఏట్లో రాళ్లు తగిలి పడ్డ దెబ్బలో తీసి చూస్తేగానీ తెలీదు. తియ్యమంటారా, వద్దంటారా? వద్దంటే రేపు అలాగే బిగించేస్తాం."

టైలరమ్మ అంచు చివరిదాకా కుట్టింది. దారం తెంపింది. తెర మడిచింది, మళ్లీ విప్పి మడిచింది.

"తీస్తే ఏమీ లేకపోతే?"

"అతను అబద్ధం చెప్పినట్టు."

"ఉంటే?"

పేచీ గోరుకి అంటిన కాఫీ రంగు గీక్కుంది.

"అతని పిల్లలు ఇటు ఆడుకోవడానికొస్తే తలుపేసేశాను" అంది టైలరమ్మ, ఎవరితోనో అన్నట్టు. "చిన్నది నా కొంగు పట్టుకుని పెరిగింది. అదొస్తే కూడా వేసేశాను." లేచి చెప్పులేసుకుంది. మెడలో టేపు అలాగే ఉండిపోయింది.

వాళ్లు వర్క్‌షాపుకి వచ్చేసరికి డ్రైవరు లారీ మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. కంకర సంగతి మరిచిపోయినట్టున్నాడు. టైలరమ్మని చూసి లేచి నిలబడ్డాడు. ఆమె అతని పక్కనుంచే లోపలికి వెళ్లింది, చూడలేదు. లోపల బల్ల దగ్గర పిన్ని క్యారియరు విప్పుతోంది.

"పొద్దున్నుంచీ ఏమీ తినకుండా వచ్చేశావ్. అక్కడ మీ అమ్మకి జవాబు చెప్పుకోవాల్సింది నేను" అని మొదలుపెట్టబోయిన పిన్ని, వెనక వచ్చినవాళ్ల మొహాలు చూసి మూత మళ్లీ పెట్టేసింది.

పేచీ పని మొదలుపెట్టింది. వేడిగాలి తగిలేసరికి కాఫీ రంగు బుడగలు బుడగలుగా లేచింది. గీకుడు రేకుతో తోస్తే పొరలు పొరలుగా ఊడి వచ్చింది. దాని కింద ఆమె గరుకు కాగితం తగలని చోటల్లా పాత రంగు బయటపడింది. ఆకుపచ్చా కాదు, పసుపూ కాదు, చిలకకి జబ్బు చేస్తే ఎలా ఉంటుందో అలాంటి రంగు.

టైలరమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకుంది పేచీ. నవ్వుతోంది.

"మా ఆయన నిర్వాకమే" అంది. "మిగిలిపోయిన రెండు డబ్బాలు వృథా ఎందుకని కలిపేశాడు. ఊరంతా నవ్వింది. నేను నెల రోజులు మాట్లాడలేదు. ఇలాంటి రంగు ఇంకెక్కడైనా ఉంటే చూపించమనేవాడు, అదో గొప్పలాగా."

పిన్ని రెండడుగులు ముందుకొచ్చి ఆ రంగునే చూస్తూ నిలబడింది. ఎవరూ పట్టించుకోలేదు.

లప్పం దగ్గరికి వచ్చేసరికి పేచీ మిషను ఆపి సన్నటి ఉలి తీసుకుంది. తను నింపిన లప్పం గట్టిదనం ఎంతో ఆమెకి తెలుసు. ఉలి మొనతో అంచు పట్టి లేపితే మొదటి పెళ్ల రాలింది. తరవాత ఇంకొకటి. తాళం పక్కన అంచు వెంబడి, వెడల్పుగా, లోతుగా, చెక్క నలిగిపోయి మూడు గుంటలు తేలాయి. మధ్యదాంట్లో అయితే చెక్క నారలు నారలుగా చీలి ఉంది. రాయి తగిలితే అలా పడదు. ఎవరో పీకి పీకి లాగితే పడుతుంది.

డ్రైవరు గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. చేతిలో టైరు లివరు ఉంది. ఎప్పుడు తెచ్చాడో, దాన్ని రెండు చేతులతో పట్టుకుని, ముందుకి రావాలో వద్దో తెలియనట్టు ఉన్నాడు.

"ఇటివ్వు" అంది టైలరమ్మ.

రెండేళ్లలో అతనితో ఆమె మాట్లాడిన మొదటి మాట అది. అతను ఇచ్చాడు. బరువుకి ఆమె చెయ్యి కిందికి జారితే పేచీ పట్టుకోబోయింది, వద్దంది. లివరు చదునైన కొసని ఆమే పై గుంటలో పెట్టింది. ఒరలో కత్తి కూర్చున్నట్టు కూర్చుంది. రెండో గుంటలోనూ కూర్చుంది. మూడోదాంట్లో పెట్టి, అలాగే పట్టుకుని, నుదురు తలుపుకి ఆనించింది.



"ఇంత లోతుగా" అంది చివరికి. "ఇంత లోతుగా పడాలంటే ఎంతసేపు లాగావన్నా?"

"తెలీదు చెల్లెమ్మా" అన్నాడు డ్రైవరు. "ఇంకాసేపు లాగాల్సింది."

"పిల్లలు లారీలో ఉన్నారుగా."

"ఉన్నారు."

"మరింకేం లాగుతావు?" లివరు బల్ల మీద పెట్టి, ఆమె చుట్టూ చూసి, గోడవారనున్న స్టూలు స్వయంగా తెచ్చి అతని ముందు వేసింది. అరచేత్తో దాని మీది రంపపుపొట్టు దులిపింది. "కూర్చో. రేపు చిన్నదాన్ని పంపించు. హాలు తెరలకి ఇంకా బొత్తాలు కుట్టాలి, నాకు చెయ్యి సాయం కావాలి."

డ్రైవరు కూర్చుని రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. పేచీకి కళ్లు మసకలు కమ్మి, ఉలి ఎక్కడ పెట్టిందో కనిపించలేదు. ఇంత బాగా చేసిన పనిని ఇంత సంతోషంగా పాడు చేసుకున్నవాళ్లు ఆ కాలేజీలో ఇంకొకరు ఉండరు. రేపు మేడం ఏమన్నా అననీ, ఈ తలుపు ఈ గాట్లతోనే హాలుకి ఎక్కుతుంది. అది టైలరమ్మని అడిగే చేస్తుంది, ఈసారి.

మన పేచీకి చేతులు ఊరుకోవని చెప్పాగా. కింద మోకాలి ఎత్తున ఇంకో చోట కూడా లప్పం పెట్టిన గుర్తు. పని సగంలో వదలడం ఎందుకని అక్కడ కూర్చుని అదీ లేపింది. అక్కడ గాట్లు వేరుగా ఉన్నాయి. సన్నగా, పదునుగా, ఒకదాని పక్కన ఒకటి వరసగా, పలచటి కింది పలకలో కన్నం చెయ్యాలని చూసినట్టు. ఒక చోట చెక్క దాదాపు అవతలి దాకా తెగింది.

"ఇక్కడ కూడా పెట్టారా బాబాయ్?" అంది.

డ్రైవరు మొహం తుడుచుకుని వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. "లేదమ్మా. ఇవి నావి కావు. నా దగ్గర లివరు ఒక్కటే ఉంది. నేను వచ్చేటప్పటికి కింద ఏ గాటూ లేదు. నేను వెళ్లాక ఎవరో వచ్చి ఉండాలి."

"నీళ్లు ఛాతీ దాకా ఉంటే మోకాలి ఎత్తున ఎవరు చెక్కుతారు?" అంది టైలరమ్మ. "మునిగి చెక్కాలి."

"మునిగే చెక్కి ఉంటారు" అంది పిన్ని.

అందరూ ఆమె వైపు తిరిగారు. పిన్ని తలుపు మీది ఆ పాడు రంగుని వేలితో తాకింది.

"ఆ రోజు ఆసుపత్రికి ఎంతమంది వచ్చారో చెప్పలేను. ఎవరు ఎక్కడ దెబ్బ తిన్నారో అడిగే తీరిక కూడా లేదు. కానీ ఈ రంగు నాకు గుర్తుంది. ఒకతని కుడి అరచేతిలోంచి పేళ్లు తీశాను. ప్రతి పేడుకీ ఇదే రంగు అంటుకుని ఉంది. ఇదేం రంగయ్యా అంటే, పనిలో గుచ్చుకుందన్నాడు." ఆమె మూలకి చూసింది. "నువ్వే కదయ్యా."

వడ్రంగి చిత్రిక చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎప్పటినుంచి పని ఆపేశాడో ఎవరూ గమనించలేదు.

డ్రైవరు స్టూలు మీదనుంచి లేచాడు. "నేను బయట ఉంటాను. ఇది మీ ఇంటి సంగతి."

"వెళ్లకు" అన్నాడు వడ్రంగి. రెండేళ్లుగా చూడని మొహంలోకి సూటిగా చూశాడు. "నువ్వు కూర్చో. నేను చెప్పేది నువ్వూ వినాలి. నువ్వు లారీ ఎక్కడం నేను చూశాను. తలుపు దగ్గరికొచ్చాక నువ్వు లాగిన గాట్లూ చూశాను. ఊరంతా నిన్ను అంటుంటే నోరు మూసుకున్నాను, ఎందుకంటే నిన్ను చూశానని చెప్తే, నేనూ అక్కడున్నానని చెప్పాలి."

టైలరమ్మ కదలలేదు. "నీ చెయ్యి చూపించు" అంది.

అతను చిత్రిక కింద పెట్టి, అరచెయ్యి విప్పి, అక్క ముందుకి వచ్చాడు. ఆమె ఆ మచ్చల్ని బట్ట నాణ్యం చూసినట్టు బొటనవేలితో ఒత్తి చూసింది.

"రెండేళ్లు" అంది. "నాకెందుకు చెప్పలేదురా?"

"చెప్తే, నువ్వు వెళ్లేసరికి బావ ఎలా ఉన్నాడని అడుగుతావు. దానికి జవాబు చెప్పడం నావల్ల కాలేదు." అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "నేను వెళ్లేసరికి బావ ఇంకా బతికే ఉన్నాడక్కా. తలుపు అవతల్నుంచి నాతో మాట్లాడాడు. నీకు చెప్పమని ఒక మాట చెప్పాడు."